ఆఫీసరు కోసం కందికొత్త చెయ్యనన్న మా అప్ప

మా అప్ప పోయింది. మా వైపు అక్కని అప్ప అంటాం. మామిడి పిందె కట్టే రోజులు. పొద్దున్నే పొయ్యి రాజేసి, చోడి అంబలి కుండ దించి, "ఒళ్ళు బాగోనేదురా, కాసేపు తొంగుంటాను" అని కొడుకుతో చెప్పి పడుకుంది. మళ్ళీ లేవలేదు. మేనల్లుడు నా గుమ్మంలోకి వచ్చి, "మావా, అమ్మ పలకడం నేదు" అన్నాడు. వాడి మొహం చూస్తేనే నాకు తెలిసిపోయింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అని అడుగుతారు కదా, అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాకు అక్షరాలు రాత్రిబడిలో వచ్చాయి. అదీ పెళ్ళయి పిల్లలు పుట్టాక. తప్పులుంటే దిద్దుకోండి. విషయాన్ని మాత్రం దిద్దకండి.

మేము కొండదొరలం. విజయనగరం జిల్లాలో, కొండ పాదం దగ్గర ఉంటుంది మా ఊరు. కొండ దిగి మూడు తరాలయింది. దిగాం అనడం మర్యాద కోసం. దింపేశారు. మా తాత పోడు కొడితే ఫారెస్టువాళ్ళు కేసు పెట్టారు. మా అయ్య జీలుగు కల్లు దించితే కుండలు పగలగొట్టి తీసుకుపోయారు. ఇక చేసేదేముంది, పల్లంలో రైతుల దగ్గర పనికి కుదిరాం. మా మాట కూడా ఆ పొలాల్లోనే పోయింది. మా తాతకి సొంత భాష ఉండేది. మా అయ్యకి సగం వచ్చేది. నాకు అందులో తిట్లు మాత్రమే వచ్చు.

అప్పకి తిట్లతో పాటు పేర్లు కూడా వచ్చేవి. చెట్ల పేర్లు, దుంపల పేర్లు. తన మేకలన్నిటికీ ఆ పేర్లే పెట్టుకుంది. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఎందుకొచ్చావని అడిగేది కాదు. "ముందు తిను. తిన్నాక సెప్పు. కాళీ కడుపుతో సెప్పే మాట సగమే నిజం" అనేది. అప్పు అడగడానికి వచ్చినవాడైనా, తగువుకి వచ్చినవాడైనా అంబలి తాగాకే నోరు విప్పాలి. తగువుకి వచ్చినవాళ్ళు చాలామంది తాగేసి, మూతి తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

కొత్త అంటే ఏమిటో పల్లంవాళ్ళకి చెప్పాలి. పంట చేతికొచ్చినా సరే, మా దేవత జాకరమ్మకి పెట్టి, ఊరంతా ఒక్కరోజు కూర్చుని తినేదాకా ఒక్క గింజ కూడా మేము నోట్లో వేసుకోం. కందులకి కందికొత్త. మామిడికి టెంకల పండగ. ఊళ్ళో కుర్రాళ్ళు ఈమధ్య చాటుమాటుగా తింటున్నారు, నాకు తెలుసు. అప్ప మాత్రం తినేది కాదు. గంపెడు పచ్చి కందికాయలు నెత్తిన పెట్టుకుని కొత్తవలస రైలుకట్ట పక్కన కూర్చుని అమ్మేది. పొద్దున్నించి ఒలిచి ఒలిచి గోళ్ళు పచ్చబడిపోయేవి. ఒక్క గింజ నోట్లోకి పోయేది కాదు. పక్కన ఉల్లిపాయలు అమ్మే ఆయనొకడు రోజూ ఏడిపించేవాడు.

"ఒక్కటి నమిలెయ్యే ముసలీ. మీ దేవత ఇంత దూరం వొచ్చి సూస్తాదేటి?"

"సూడదు. అందుకే నాను సూసుకుంటన్నాను" అనేది అప్ప. "నీ తక్కెడ సూసుకో ముందు. దాన్ని ఏ దేవతా సూడ్డం నేదు."

ఆయన నవ్వి ఒక ఉల్లిపాయ ఆమె గంపలో పడేసేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. అప్ప మనవరాలు ఇంటరు పాసయింది. నర్సు చదువు చదవాలని దాని కోరిక. మా ఇళ్ళల్లో అంత చదువు ఇదే మొదలు. దానికి ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. దాని తండ్రికి, అంటే నా మేనల్లుడికి, బళ్ళో చదివేటప్పుడు ఇచ్చిన కాగితం ఉంది. అది చూపిస్తే, పాతది చెల్లదు, ఇప్పుడు విచారణ చెయ్యాలి అన్నారు. ఎక్కడో ఎవరో డబ్బున్నవాళ్ళు మా కులం పేరు పెట్టుకుని దొంగ కాగితాలతో ఉద్యోగాలు కొట్టేశారట. అందుకని కొండదొర అంటే చాలు గట్టిగా చూస్తున్నారట. దొంగతనం ఒక ఊళ్ళో జరిగితే ఇంకో ఊళ్ళో సోదా చేసినట్టుంది ఇది.

చట్టంలో మా పేరు ఉంది. కాదని ఎవరూ అనరు. ఆ పేరుగల మనుషులం మేమేనని మాత్రం నమ్మరు. మా ఊరి పక్కన వాగు ఉంది. వాగు అవతలి ఊరు గిరిజనులదని సర్కారు రాసుకున్న షెడ్యూలు ఏరియా. మాది కాదు. ఎవరో ఎప్పుడో గీత గీసేటప్పుడు మేము ఇటు పడ్డాం. పెళ్ళిళ్ళు మాత్రం ఆ ఊరికీ మా ఊరికీ మధ్యనే నడుస్తాయి. నా మేనల్లుడి పెళ్ళాం వాగు అవతలి పిల్లే. ఆమె అన్న కూతుళ్ళకి కాగితం అడిగిన వెంటనే ఇచ్చారు. ఆమె సొంత కూతురికి ఇవ్వరు. వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా ఉండవు.

సరే, విచారణకి మండలం నుంచి ఆఫీసరు వస్తారని కబురొచ్చింది. ఇక్కడే మా వాళ్ళు చెయ్యకూడని పని చేశారు. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ అలాంటి పని చెయ్యరు కూడా.

"ఊరికి పెద్దమనిషి వస్తన్నాడర్రా. ఇలాగేనా ఉంచుతారు?" అని అప్ప ఊరందరి మీదా పడింది. వీధులు ఊడిపించింది. తుడుం డప్పు అటక మీద పెట్టించింది. కల్లు కుండలు గడ్డివాము వెనక్కి తోయించింది. జాకరమ్మ రాళ్ళ మీద కోడి రక్తం మరకలుంటే కడిగించి, పైన పువ్వులు చల్లించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చీర భుజం మీద ముడేసి కట్టిన మనిషి, ఆ రోజు కోడలి చీర అడిగి తీసుకుని, కుచ్చిళ్ళు పెట్టించుకుని, పిన్నీసు గుచ్చించుకుంది. ఊరి ప్రెసిడెంటు ఇంటి నుంచి కుర్చీలు తెప్పించింది. జీడిపప్పు వేసి ఉప్మా చేయించింది.

ఆఫీసరు గారు వచ్చారు. ఉప్మా తిన్నారు. తిన్నాకే మాట్లాడాలని అప్ప ఆయన్నీ వదల్లేదు.

"మీరు కల్లు తాగుతారామ్మా?" అని అడిగారాయన.

"అయ్యో, మా ఇళ్ళల్లో అలాటి అలవాట్లు నేవు బాబూ."

"దేవతకి ఏం పెడతారు?"

"కొబ్బరికాయ కొడతాం బాబూ."

"మీ భాష?"

"తెలుగే బాబూ. సక్కగా మాటాడతాం."

నేను పక్కనే నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. కానీ ఆవిడ ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. కల్లు తాగేవాళ్ళు, రక్తం పెట్టేవాళ్ళు, మాట సరిగా రానివాళ్ళు అని సంతలోనూ ఆసుపత్రిలోనూ మమ్మల్ని అందరూ మొహం చిట్లించి చూసినవాళ్ళే. గౌరవమైన మనిషి ఇంటికొస్తే ఆ మొహం చిట్లింపు రాకూడదని ఆవిడ తాపత్రయం. ఆయన వెళ్తూ వెళ్తూ, "ఊరు చాలా శుభ్రంగా ఉంచుకున్నారు" అని మెచ్చుకున్నారు. అప్ప సాయంత్రం దాకా ఆ పిన్నీసు తియ్యలేదు.

కొన్నాళ్ళకి కాగితం వచ్చింది. మనవరాలు అరుగు మీద కూర్చుని చదివింది. గిరిజన లక్షణాలు కనబడలేదు, కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు అని ఉంది. అప్ప రెండోసారి చదివించుకుంది. "అయితే ఉప్మా బాగోనేదేటి?" అంది.

మనవరాలు నవ్వబోయి ఏడ్చింది.

నేను అడుగుతున్నాను, చదివేవాళ్ళు చెప్పండి. పోడు కొట్టినప్పుడు కేసు పెట్టారు. కల్లు దించినప్పుడు కుండలు పగలగొట్టారు. మా మాట ఒక్క ముక్క దొర్లితే మా పిల్లల్ని బళ్ళో బెత్తంతో కొట్టారు. అన్నీ మానిపించింది మీరే కదా. మానేశాక, అవి చేస్తేనే మీరు గిరిజనులు అంటే ఎలా? ఆ ఆఫీసరు గారి తాత పిలక పెట్టుకుని, పంచె కట్టుకుని ఎడ్లబండి మీద తిరిగి ఉంటాడు. ఈయన ప్యాంటు తొడుక్కుని జీపులో తిరుగుతున్నాడు. నువ్వు మీ తాత మనవడివేనని రుజువు చెయ్యమని ఆయన్ని ఎవరైనా అడిగారా? మారే హక్కు అందరికీ ఉందట, మాకు తప్ప.

ఆ ఏడు సీటు పోయింది. పిల్ల జీడిపిక్కల బట్టీలో పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. జీడి కారి దాని వేళ్ళు నల్లబడ్డాయి. మేము డివిజను ఆఫీసుకి అప్పీలు పెట్టుకున్నాం. అక్కడ ఒక పెద్దమనిషి మంచిగానే మాట్లాడాడు. దేవతలు, పండగలు, పెళ్ళిళ్ళు, చావులు ఎలా చేస్తారో కళ్ళారా చూసి రాయాలట. రూలు అలాగే ఉందట. "ఫలానా వారం సారుకి ఖాళీ ఉంది. ఆ రోజు మీ కందికొత్త చేసి చూపించండి. మీ థింసా డాన్సు కూడా వెయ్యండి. పనైపోతుంది" అన్నాడు.

మేనల్లుడు సంబరంగా ఇంటికొచ్చి చెప్పాడు. అప్ప మేకకి ఆకు మేపుతోంది.

"కంది ఇంకా పువ్వు మీదున్నాదిరా" అంది.

"పాత కందులే వొండుదామే అమ్మా. ఆయనకేటి తెలుస్తాది?"

"తెలవనోడికి సూపించడం దేనికిరా మరి?"

ఊరు ఊరంతా వాళ్ళ వాకిట్లో చేరింది. సగం మంది అటు, సగం మంది ఇటు. నేను మేనల్లుడి వైపే. దాచుకోవడం లేదు. ఇప్పుడు అడిగినా అదే అంటాను. పిల్ల చదువు కంటే ఏదెక్కువ?

"అప్పా, గుంట బతుకు పోతాది. జాకరమ్మకి కోపమొస్తే నాను సెప్పుకుంటాను" అన్నాను.

"నువ్వా? నీ పెళ్ళానికే సెప్పుకోనేవు. జాకరమ్మకి సెప్తావేటి?"

అందరూ నవ్వారు. నా పెళ్ళాం అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వులు ఆగాక అప్ప మెల్లగా అంది.

"తమ్ముడూ, డప్పు దాసమన్నాను, తప్పే. ఇంటికొచ్చినోడి మరేద కోసం దాసినాను. ఇది అలాటిది కాదు. కొత్త ముందు దేవతకి ఎట్టాల. తరవాతే మనం. ఆపీసరు సెప్పిన రోజున, ఆపీసరు కోసం ఎట్టినామంటే ఇక ఆయనే దేవత. మనం ఎవరమంటే ఎవరమని ఆయనే సెప్తాడు. అప్పుడు నిజంగానే మనం ఏటీ కాం."

మనవరాలు మాట్లాడింది. అది అప్పుడే బట్టీ నుంచి వచ్చింది, చేతులు కూడా కడుక్కోలేదు.

"మామ్మా, నీ కొత్త నీకు కావాల. నా సదువు నాకు కావాల. రెండూ ఉండేలాగ సెయ్యనేవా?"

అప్ప ఆకు మండ కింద పెట్టేసి, లోపలికి వెళ్ళిపోయింది. మేనల్లుడు ఆఫీసుకి వెళ్ళి, ఆ వారం కుదరదు సార్ అని చెప్పి వచ్చాడు. పిల్ల చాలారోజులు మామ్మతో మాట మానేసింది. అంబలి పోస్తే తాగేది, గిన్నె కడిగి బోర్లించేది, అంతే.

కంది పండింది. ఊరి పెద్దలం కూర్చుని పండగ రోజు పెట్టుకున్నాం. అప్ప నన్ను లేవదీసింది. "పద, పిలుపుకి ఎల్దాం" అంది. ఎవర్ని పిలవడానికి అంటే, "ఆపీసరు బాబుని. మన రోజున రమ్మందాం. గుంట రెండూ కావాలన్నాది కదా" అంది. ఆవిడ వెతుక్కున్న జవాబు అది.

ఇద్దరం బస్సెక్కి డివిజను ఆఫీసుకి వెళ్ళాం. సారు మీటింగులో ఉన్నారట. గుమాస్తా ఒకాయన, "ఏంటి పని?" అన్నాడు.

"పిలుపుకి వొచ్చినాం బాబూ. మా ఊరు కందికొత్త. ఆపీసరు బాబూ, నువ్వూ తప్పకుండా రావాల. కోడి కోస్తాం. కల్లు కూడా ఉంటాది, దాసం."

"అర్జీ ఏదమ్మా?"

"అర్జీ కాదు బాబూ, పిలుపు."

"పిలుపుకి నంబరు వెయ్యడం కుదరదు కదమ్మా. రాసివ్వండి."

నేను ఒక కాగితం అడుక్కుని రాసిచ్చాను. అప్ప కొంగున కట్టి తెచ్చిన పసుపు బియ్యం విప్పి ఆయన బల్ల మీద పెట్టింది. మాలో పిలుపంటే అదే. ఫ్యాను గాలికి చెదిరిపోతుంటే ఆయన వాటి మీద పేపరువెయిటు పెట్టాడు. అంత మర్యాద చేశాడు, కాదనను.

పండగ నాడు ఎవరూ రాలేదు. జాకరమ్మకి పెట్టాం. కొత్త కందులు, కొర్రలు కలిపి వండాం. తుడుం మోగింది, ఆడవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని థింసా వేశారు, అప్ప కూడా వేసింది, మోకాళ్ళు నొప్పులంటూనే. ఊరంతా తిన్నారు. రెండు విస్తరాకులు మాత్రం బుట్ట కింద మూసి పెట్టి, అప్ప రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. బస్సు వచ్చినప్పుడల్లా లేచేది. మేకలు ఇంటికి చేరాయి. అప్పుడు మనవరాలే బుట్ట తీసింది. అన్నాళ్ళ తరవాత నోరు విప్పి, "రారు మామ్మా. నువ్వు తిను" అంది.

అప్ప రెండాకుల్లోదీ తనే తినేసింది. చెయ్యి కడుక్కుని, "ఆపీసరు బాగానే తిన్నాడే" అంది. ఆ పిల్ల పడీ పడీ నవ్వింది. ఇద్దరూ కలిసిపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆ తరవాతే అప్ప పోయింది. వాగు ఒడ్డున మట్టి చేశాం. మూడోనాడు చిన్నదినం. ఆవిడకి ఇష్టమైన చోడి అంబలి, ఎండుచేప, కందిపప్పు ఆకులో వేసి గోరీ మీద పెట్టి, అందరం దూరంగా వచ్చి నిలబడ్డాం. అప్పుడొచ్చాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, మోటారుసైకిలు మీద. కుర్రాడు. చెడ్డవాడు కాడు. డివిజను ఆఫీసువాళ్ళు పంపారట.

"తాతా, ఏమీ అనుకోకు. చావు తంతు కూడా చూసి రాయాలని రూల్లో ఉంది. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదు" అన్నాడు.

అవకాశం అన్నాడు. మా భాషలో నాకు తెలిసినవన్నీ ఆ పూట నోటి దాకా వచ్చాయి.

అతను ఫోను పైకెత్తి పట్టుకుని ఆకు దగ్గరగా నిలబడ్డాడు. కాకి వచ్చి చింతకొమ్మ మీద వాలింది. ఆకు వైపు చూస్తోంది, అతని వైపు చూస్తోంది. దిగదు. ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకున్నారు. కాసేపటికి అతను ఫోను దించి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"కాకికి పెట్టడం మాలోనూ ఉంది కదా తాతా. దీంతో పనవ్వదు. మీరు వేరేగా ఏమైనా చేస్తారా?"

మేనల్లుడు నా మోచెయ్యి పొడిచాడు. "సెప్పు మావా. ఏదొకటి సెప్పు." సీట్లు ఇచ్చే రోజులు దగ్గరకొస్తున్నాయి. ఏదో ఒకటి కల్పించి చెప్తే, ఇద్దరు కుర్రాళ్ళు తుడుం పట్టుకుని నాలుగు గెంతులు గెంతితే, ఆ కుర్రాడు రాసుకుపోతాడు. అతనికీ అదే కావాలి. నేను నోరు తెరిచాను కూడా.

మనవరాలు నన్ను దాటుకుని వెళ్ళి అతని ఎదుట నిలబడింది.

"వేరేగా ఏటీ నేదు సార్. మా మామ్మ సచ్చిపోయింది. అది తినాల. మీరున్నంతసేపూ అది దిగదు."

"నీ కోసమేనమ్మా వచ్చాను. ఇది లేకపోతే రిపోర్టులో ఏం రాయను?"

"తెలుసు సార్" అంది. అంతే అంది. కదల్లేదు.

రిపోర్టు ఏమయిందో ఇది రాసే వేళకి మాకు తెలియదు. కాగితం మాత్రం రాలేదు. నేను వెళ్ళి ఆ వరండాలో కూర్చుని వస్తూనే ఉన్నాను. నా కాళ్ళు ఉన్నంతవరకు వెళ్తాను.

ఆ కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. బండి దగ్గరికి వెళ్ళి తాళం పెట్టాడు. చింతకొమ్మ వైపు చూశాడు. తాళం తీసేశాడు. బండిని స్టార్టు చెయ్యకుండా, రెండు చేతులా పట్టుకుని పొలంగట్టు మీద నెట్టుకుంటూ వెళ్ళాడు. బూట్లు మట్టిలో దిగిపోతున్నాయి. తారురోడ్డు ఎక్కాక కూడా నెడుతూనే ఉన్నాడు. కాకి ఒక కొమ్మ కిందికి దిగింది. మేమందరం కదలకుండా నిలబడి ఉన్నాం. బండి చప్పుడు ఇంకా వినపడలేదు.